నా కళ్ళకి సవతి

మా అత్తయ్యగారికి చూపు మసకబారిన ఏడాది నాకు ఉద్యోగం వచ్చింది. జీతం లేదు, సెలవుల్లేవు. హోదా మాత్రం కలెక్టరుగారికి కూడా ఉండనంత. నేను ఆవిడ కళ్ళని. లెక్కల మాస్టారు బడి మానేస్తే బాగుండునని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటే, దేవుడు సరిగ్గా వినిపించుకోక ఏడో తరగతి మధ్యలో నన్నే మాన్పించేశాడు. అలాంటిదాన్ని పిలిచి అంతకన్నా పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

మాది నరసాపురం పక్కన పల్లె. మగవాళ్ళు వరి పండిస్తారు, ఆడవాళ్ళు లేసు అల్లుతారు. మగవాళ్ళ పని వాన మీద ఆధారపడి ఉంటుంది, మాది నడుము మీద. అత్తయ్యగారు అందరిలా తన గుమ్మంలో తను కూర్చుని అల్లుకుని ఊరుకునే మనిషి కాదు. విదేశాలకి లేసు పంపే షావుకారుగారి దగ్గర నరసాపురంలో దారమూ నమూనా ఫోటోలూ తీసుకొచ్చి, మా వీధి ఆడవాళ్ళకి పంచి, అల్లినవి ఏరి, బాగోనివి మొహమాటం లేకుండా విప్పించి, బాగున్నవి గంజిపెట్టించి పంపేవారు. ఆవిడ చేతిలోంచి వెళ్ళిన లేసుని షావుకారుగారు మళ్ళీ విప్పి చూసేవారు కాదని చెప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి చూపు మధ్యలో మచ్చ పడింది. అది ఆపరేషనుకి లొంగేదీ కాదు, అద్దాలకి అందేదీ కాదని రాజమండ్రిలో కంటి డాక్టరుగారు చెప్పేశారు. ఎదురుగా ఉన్నది కనపడదు, దాని అంచుల్లో ఉన్నది కనపడుతుంది. అందుకని ఎవర్నయినా చూడాలంటే ఆవిడ మెడ పక్కకి తిప్పి, కోడిపెట్ట గింజని చూసినట్టు ఓరగా చూసేవారు.

"అత్తయ్యగారూ, నేను గింజని కాదండీ. మీ పెద్దకోడల్ని" అనేదాన్ని.

"గింజకైతే ఇంత నోరెందుకుంటుందే" అనేవారు.

చేతులకి మాత్రం ఏమీ కాలేదు. సూదీ దారం ఆవిడ వేళ్ళకి చూపుతో పని లేకుండా తెలుసు. కొత్త నమూనా వచ్చినప్పుడే చిక్కు. ఫోటో రాగానే నన్ను పిలిచేవారు. కిటికీ పక్కన చాప మీద ఇద్దరం మోకాళ్ళు తగిలేలా కూర్చునేవాళ్ళం. "మధ్యలో పువ్వండి. రేకలు దోసగింజల్లా ఉన్నాయి. రేకకీ రేకకీ మధ్య సాలెగూడు. ఆ చుట్టూ జంతికల చుట్టు" అని నేను చెప్తుంటే ఆవిడ అరచెయ్యి చాచేవారు. అందులో చూపుడు వేలితో పువ్వు గీసేదాన్ని. గీసిన వేలు తీసేలోగా ఆవిడ రెండో చెయ్యి దారం ఉండ కోసం వెతుక్కునేది. అంత ఆనుపానులు తెలిసిన జత మాది. మా పెళ్ళప్పుడు మా ఆయన చెయ్యి కూడా నేను అంత నమ్మకంగా పట్టుకోలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండో డ్యూటీ. వారపత్రికలో సీరియలు చదివి వినిపించాలి. నేను ఉత్తినే చదవను. కథానాయికకో గొంతు, అత్తగారికో గొంతు, పోలీసుకో గొంతు. పక్కింటి వాళ్ళు కూడా లేసులు ఒళ్ళో వేసుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ సీరియల్లో ఒక మేనమామ ఉండేవాడు. ఆస్తి పంపకాల గురించి తప్ప నోరు తెరవడు. వాడంటే నాకు పడేది కాదు. ఒక వారం వాడికి జ్వరం తెప్పించి, పై వారం చంపేశాను. రచయితగారు మాత్రం వాణ్ణి బతికించే ఉంచారు. అది ఆయన ఇష్టం, నేనేం అడ్డుపడలేదు. కాకపోతే ఆ పైన వాడి మాటలన్నీ తోటమాలికి అప్పజెప్పాల్సి వచ్చింది. ఆ తోటమాలికి కొబ్బరితోట వాటాల మీద అంత పట్టుదల ఎందుకో అత్తయ్యగారికి అంతుపట్టేది కాదు.

"వాడికేం సంబంధమే?" అనేవారు.

"మొక్కలకి నీళ్ళు పోసినవాడు కదండీ, బాధ ఉండదా?" అనేదాన్ని.

ఇలా సుఖంగా సాగిపోతున్న సంసారంలోకి మా తోడికోడలొచ్చింది.

మా మరిదికి పిఠాపురం సంబంధం కుదిరింది. పిల్ల డిగ్రీ చదివింది. ఆ పైన కంప్యూటరు కోర్సు. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. నేను పది మాటల్లో చెప్పేది రెండు మాటల్లో చెప్తుంది. పైగా ఆ రెండూ అవసరమైన మాటలే అయి ఉంటాయి. అలాంటి మనుషుల్ని చూస్తే నాకు మొదట్నుంచీ అనుమానం. పుట్టింటి నుంచి బీరువాతో పాటు కంప్యూటరు తెచ్చుకుంది. కాగితాన్ని ఫోటో తీసి తెర మీదకి ఎక్కించే స్కానరు కూడా. వాటిని పెట్టడానికి ఇల్లంతా వెతికి, చివరికి కిటికీ పక్కన చాప ఉండే చోటు ఖాయం చేశారు. ప్లగ్గు అక్కడే ఉందట. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి నా మీద ఏం కోపమో తెలీదు.

తోడికోడలు కొన్నాళ్ళు అత్తయ్యగారి చూపు సంగతి గమనించింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఒకసారి పుట్టింటికి వెళ్ళొస్తూ ఒక సీడీ పట్టుకొచ్చింది. చూపు తక్కువైనవాళ్ళ కోసం తయారుచేసిన ప్రోగ్రామట. తెర మీద ఉన్నదాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూపిస్తుంది. తెల్లటి తెర వెలుగు అత్తయ్యగారి కళ్ళలో గుచ్చుకుంటుంటే, దానికీ ఉపాయం ఉంది అందులో. రంగులు తిరగేసింది. కాగితం నల్లగా, అక్షరాలు తెల్లగా, పలక మీద సుద్దముక్కతో రాసినట్టు వచ్చాయి. ఆ తర్వాత తన బొట్టుబిళ్ళల అట్ట తీసి కీబోర్డు ముందేసుకు కూర్చుంది. పెద్దది చేసే మీటకి పెద్దబిళ్ళ, చిన్నది చేసేదానికి చిన్నబిళ్ళ, అటూ ఇటూ జరిపేవాటికి పొడుగు బిళ్ళలు. ఆవిడ వేలితో తడిమి పోల్చుకోవడానికన్నమాట. పేరంటానికి బయల్దేరిన ముత్తయిదువలా తయారైంది ఆ కీబోర్డు.

అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ వారం పత్రికలో సీరియలు పేజీ స్కానరు కింద పెట్టింది. ఇంట్లో అందరం వెనక నిలబడ్డాం. తెర నిండా ఒక్కొక్క అక్షరం గుమ్మడికాయంత. ఆవిడ మెడ తిప్పారు. పెదవులు కదిపారు. పొడుగు బిళ్ళ నొక్కారు. మళ్ళీ నొక్కారు.

"మే... న... మా... మ" అన్నారు.

కళ్ళు మసకబారాక ఆవిడ సొంతంగా చదివిన మొదటి మాట అది. ఊళ్ళో ఇన్ని మాటలుండగా అదే దొరికింది. అందరి కళ్ళూ చెమర్చాయి. మా ఆయన కండువాతో తుడుచుకున్నారు. నాకూ చెమర్చాయి. వాళ్ళవి సంతోషంతో.

ఆవిడ ఆగలేదు. "మేనమామ... పీట మీద కూర్చుని... పప్పులో... నెయ్యి వేసుకున్నాడు." నా వైపు మెడ తిప్పారు. "ఇదేంటే? వీడు చచ్చిపోయాడు కదే!"

"పాత సంచిక అయ్యుంటుందండీ" అన్నాను.

"ఈ వారందే అక్కా" అంది తోడికోడలు. చెప్పానుగా, అవసరమైన మాటలే మాట్లాడుతుందని.

అత్తయ్యగారు కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. "ఇన్నాళ్ళూ నీ కథ విన్నానన్నమాట" అని నవ్వి, మళ్ళీ తెర వైపు తిరిగారు. తిరిగినవారు తిరిగినట్టే ఉండిపోయారు.

మనిషి మీద అసూయపడటం నాకు తెలుసు. మా పెదనాన్నగారి కూతురు పట్టుపరికిణీ మీద పడ్డాను, ఎదురింటావిడ జడ మీద పడ్డాను. ప్లగ్గు పెడితే తప్ప బతకని పెట్టె మీద అసూయపడటం అదే మొదలు. నేను పది నిమిషాల్లో రంగస్థలం కట్టి ఆడించే కథని ఆవిడ ఒక మధ్యాహ్నమంతా అక్షరం అక్షరం ఏరుకుంటూ చదివేవారు. సగం పేజీ కూడా అయ్యేది కాదు. అయినా లేచేవారు కాదు. భోజనానికి పిలిస్తే "ఈ వాక్యం అవనీ" అనేవారు. నేను చదివేటప్పుడు కునుకు తీసిన మనిషి! దుమ్ము పడకుండా ఆ పెట్టెకి స్వయంగా లేసు కప్పు అల్లారు. చుట్టూ అంచు, నాలుగు మూలలా పూలు. నేనొచ్చి ఇన్నేళ్ళయింది, నా జాకెట్టు చేతికి ఒక్క అంగుళం అంచు అల్లివ్వలేదు ఆవిడ. దసరాకి దానికి పసుపు, కుంకుమ, చామంతిపువ్వు. నాకు చామంతి లేదు, అయిపోయాయట.

ఇంకోటి కూడా గమనించాను. తోడికోడల్ని "అమ్మాయ్" అని పిలిచేవారు. నన్ను "ఏమే" అనేవారు. అంతకు ముందు "ఏమే" అంటే నాకు ముద్దుగానే వినపడేది. అమ్మాయ్ అనేది ఇంట్లోకి వచ్చాక, ఏమేలో ఏదో తక్కువైనట్టు అనిపించేది.

కరెంటు పోతే నాకు పండగ. మా వైపు ఆ రోజుల్లో కరెంటు పోని రోజు లేదు కాబట్టి, నాకు పండగలకి లోటు లేదనుకున్నాను. పంకా ఆగగానే తల దువ్వుకుని, పత్రిక చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని వెళ్ళి నిలబడేదాన్ని.

"అత్తయ్యగారూ, చదవమంటారా?"

"వస్తుందిలేవే. ఇప్పుడేగా పోయింది."

విసనకర్రతో విసురుకుంటూ ఆరిపోయిన తెర ముందు కూర్చునేవారు కానీ నన్ను మాత్రం చదవమనేవారు కాదు. వీధిలో వాళ్ళకి వాసన తగిలింది. "ఏమ్మా, నీ ఉద్యోగం ఊడిందటగా?" అంది లేసులు ఇవ్వడానికి వచ్చిన పక్కింటావిడ.

"ఊడలేదండీ. రిటైరయ్యాను. మీరొచ్చి సన్మానం చెయ్యాలి" అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్ళి ఆ రోజు కందిపప్పు ఎందుకంత గట్టిగా రుబ్బానో పచ్చడి తిన్నవాళ్ళెవరూ అడగలేదు.

తోడికోడలు నన్నూ కలుపుకోవాలనే చూసింది. నీళ్ళోసుకుని పురిటికి పుట్టింటికి వెళ్ళేముందు నా పక్కన కూర్చుని, "అక్కా, మీకూ నేర్పుతాను. నాలుగు మీటలే. నేను లేనప్పుడు అత్తయ్యగారికి ఏమన్నా కావాలంటే మీరు చూడొచ్చు" అంది.

"నాకెందుకమ్మా. నా కళ్ళు కరెంటు లేకపోయినా పనిచేస్తాయి" అన్నాను.

అది సామాను సర్దుకుని పిఠాపురం వెళ్ళిపోయింది. అది వెళ్ళిన పూట నేను కిటికీ వైపు చూసి, ఇక నువ్వూ పడుకోవచ్చు అని పెట్టెకి మనసులో చెప్పుకున్నాను. చాప దులిపి సిద్ధం చేసుకున్నాను. భోజనాలయ్యాయి. అత్తయ్యగారు గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, లేసు కప్పు తీసి మడతపెట్టి, బొట్టుబిళ్ళలు తడుముకుంటూ కంప్యూటరు పెట్టుకున్నారు. తోడికోడలుంటే కనీసం దాన్ని చూసి కుళ్ళుకునేదాన్ని. ఇప్పుడు ఆ వీలు కూడా లేకుండా పోయింది.

అలా ఉండగా షావుకారుగారి కొట్టు నుంచి మా ఆయనతో ఒక సీడీ వచ్చింది. అప్పటిదాకా నమూనాలు కవర్లో ఫోటోలుగా వచ్చేవి. మా ఇంట్లో కంప్యూటరుందని తెలిసి ఈసారి ఇలా పంపారట. అందులో నమూనా ఒక గుండ్రటి బల్లగుడ్డ. ముందు ఒకటి అల్లి చూపిస్తే, విదేశం వాళ్ళకి నచ్చితే మిగతా వీధంతటికీ పని.

"ఇటివ్వండి, చూసి చెప్తాను" అన్నాను, అరచెయ్యి గీతలు గుర్తొచ్చి.

"నేనే చూస్తానే" అన్నారు.

సీడీ ఆవిడే పెట్టుకున్నారు. నేను గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. ఆ బియ్యంలో రాళ్ళు లేవు. చాలాసేపటికి, "ఏమే! ఇటు రా, ఇటు రా! నల్లలేసు!" అని కేక.

వెళ్ళి చూశాను. ఆకాశంలా లేతనీలంగా ఉన్న బల్ల మీద, కాటుకతో అల్లినట్టు నల్లటి లేసు. పువ్వు పక్కన పువ్వు, మధ్యలో జాలీ. అంచు పట్టుకుని ఒక ఆడమనిషి చెయ్యి. ఆ చెయ్యి నేరేడుపండు రంగులో ఉంది.

"ఎవరిదండీ ఈ చెయ్యి?"

"ఆ దేశం ఆవిడదై ఉంటుంది."

"ఇంత నీలంగా ఉందేంటండీ? కృష్ణుడి పుట్టింటివాళ్ళా?"

"లైటు అలా పడి ఉంటుందే. నువ్వు లేసు చూడు."

"గోళ్ళు కూడా చూడండి, పసరు రాసుకున్నట్టు."

"వాళ్ళ ఫ్యాషను వాళ్ళది. నీకెందుకు?" అన్నారు. "ఇన్నేళ్ళుగా అల్లుతున్నా, ఒక్కసారి కూడా నలుపు అడగలేదే ఎవరూ."

నిజం చెప్పాలంటే నేను లేసూ చూడలేదు, చెయ్యీ చూడలేదు. ఆవిడ మొహం చూస్తున్నాను. నేను ఆ అరచేతిలో ఎన్ని పూలు గీసినా ఆ మొహం అలా వెలగలేదు. నా వేలు చెప్పింది ఆవిడ నమ్మేవారు, అంతే. ఇది ఆవిడ కనుక్కున్నారు.

మా ఆయన నల్లదారం తేవడానికి నరసాపురం వెళ్ళి, దొరక్క రెండు కొట్లు మారి, చివరికి తెచ్చారు. శుక్రవారం పూట నల్లదారం గడప దాటకూడదని ఆ సంచీని మర్నాటిదాకా అరుగు మీదే ఉంచారు అత్తయ్యగారు. వీధిలో ఎవరికన్నా ఇద్దామా అంటే ఒప్పుకోలేదు.

"నలుపులో ముడి కనపడదు. దాంతో అల్లితే ఉన్న కళ్ళు పాడవుతాయి. వద్దు. నాకైతే తెలుపైనా నలుపైనా ఒకటే" అన్నారు.

అన్నట్టే ఆవిడే అల్లారు. కళ్ళు ఎటో ఉండేవి, వేళ్ళు దారి తప్పేవి కావు. ఒక వరస అల్లడం, తెర దగ్గరకి వెళ్ళి ఆ వరస పెద్దది చేసి చూసుకోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. నన్ను ఒక్క మాట అడగలేదు. పూర్తయ్యాక నేల మీద పరిస్తే, నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో అదే మొదటిసారి కావడంతో మా ఆయన వచ్చి ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చూశారు.

మామూలుగా మా ఆయనతో పంపించేస్తారు. ఈసారి తనే స్వయంగా తీసుకెళ్తానన్నారు. నన్ను తోడు రమ్మన్నారు. బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో కొత్తపెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు కూర్చున్నారు.

షావుకారుగారు పెద్దమనిషి. లేచి కుర్చీ వేయించారు. సంచీ విప్పి, లేసుని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"అల్లకం చాలా బాగుందమ్మా. కానీ ఇదేంటండీ, నలుపు అల్లారు?"

"ఫోటోలో నలుపేగదండీ" అన్నారు అత్తయ్యగారు.

"కాదండీ. తెలుపేనండీ."

"నేనే చూశానండీ. నా కళ్ళతో నేనే చూశాను."

ఆయన సొరుగులోంచి అదే ఫోటో కాగితం మీద ఉన్నది తీసి నాకిచ్చారు. "మీరు చూడండమ్మా" అన్నారు. అత్తయ్యగారు నా వైపు మెడ తిప్పారు.

"ఎలా ఉందే?"

చూడండి, నా ఉద్యోగం నాకు తిరిగొచ్చింది. ఎన్ని పూటలు ఎదురుచూశానో, అది అక్కడ, ఆ కొట్లో, నలుగురు గుమాస్తాలు తలలెత్తి చూస్తుండగా వచ్చింది. ఫోటోలో ముదురు చెక్కబల్ల మీద పాలనురగలా తెల్లటి లేసు. అప్పుడు వెలిగింది నాకు. తోడికోడలు అక్షరాల కోసం తిరగేసిన రంగులు తిరగేసినట్టే ఉండిపోయాయి. అది ఉన్నన్నాళ్ళూ ఫోటోలు ఇలా సీడీలో రాలేదు. వచ్చేసరికి అది లేదు.

"తెలుపేనండీ" అన్నాను.

"చెయ్యి?"

"మామూలు చెయ్యేనండీ. దొరసానిది. గోళ్ళకి ఎర్రరంగు."

వెనక ఒక గుమాస్తా కిసుక్కున నవ్వాడు. "ఏంటి బాబూ, నవ్వొస్తోందా? కళ్ళు మూసుకుని ఇందులో ఒక్క పువ్వు అల్లి చూపించండి, మేమూ నవ్వుతాం" అన్నాను. అతను ఫైలు తెరిచాడు. అత్తయ్యగారు మాత్రం ఏమీ విననట్టు నల్లలేసుని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకున్నారు. తెల్లది అల్లి పంపుతామని షావుకారుగారికి నేనే చెప్పాను. తిరుగు బస్సులో ఆ సంచీ నా కాళ్ళ దగ్గర ఉంది.

ఇంటికొచ్చాక కంప్యూటరు మీద లేసు కప్పు అలాగే ఉండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ చాప మీదకి వచ్చి కూర్చున్నారు. "చదువు" అన్నారు.

గెలిచాను కదా? నేనూ అదే అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. అన్ని గొంతులూ పెట్టి చదివాను. పోలీసు గొంతు ఆ రోజు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. ఆవిడ వింటున్నారు, వాన పడుతుంటే ఎవరన్నా వింటారు చూడండి, అలా. మధ్యలో ఆపి అడిగారు.

"మేనమామ ఎలా ఉన్నాడే?"

"బాగానే ఉన్నాడండీ. కొబ్బరితోట కాగితాలు అడుగుతున్నాడు."

"నిజంగా?"

"ఒట్టండీ. రాసిందే చదివాను."

"ఏమో" అన్నారు. "నువ్వు చెప్తే నేను నమ్మాలి. అంతేగా."

ఎత్తిపొడవడానికి అనలేదు. మజ్జిగలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నారు. నేను ఆ వాక్యం పూర్తి చేసి, తర్వాతది మొదలుపెట్టి, ఆపేశాను. నాకు నా చోటు తిరిగి దొరికింది. అందులో నేనొక్కదాన్నే కూర్చున్నాను.

ఆవిడ చాలాసేపు చాప ఈనెలు గిల్లుకుంటూ ఉండి, "ఆ రంగులు తిరగేసే మీట ఏదో నీకు తెలుసా?" అన్నారు.

"తెలీదండీ."

"కనుక్కో."

పిఠాపురానికి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పేసరికి అవతల తోడికోడలు ఏడుపు. "నాదే పొరపాటక్కా. రంగుల సంగతి అత్తయ్యగారికి చెప్పనే లేదు. ఆ మీటకి బిళ్ళ కూడా అంటించలేదు."

"ఏడవకే తల్లీ, పుట్టేవాడు నీలంగా పుడతాడు" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. "మీటెక్కడుందో చెప్పు. నెమ్మదిగా చెప్పు. నేను డిగ్రీ కాదు."

చెప్పింది. పై వరస, కుడివైపు చివరి నుంచి లోపలికి రావాలి. దాంతో పాటు కింద మూల మీట కూడా పట్టుకోవాలి. రెండుసార్లు చెప్పించుకున్నాను. ఇంతలో అత్తయ్యగారు చెయ్యి చాచి ఫోన్ అందుకున్నారు. "అమ్మాయ్, వేళకి తింటున్నావా? కాళ్ళకి నీరు పట్టిందా? ఇక్కడ ఏమీ అవలేదు, నువ్వు బెంగపెట్టుకోకు" అని ఎంత తియ్యగా మాట్లాడారంటే, నాకు మళ్ళీ కడుపులో మంట మొదలైంది. అదేమిటో, ఆ మంట తగిలాక ప్రాణం కాస్త కుదుటపడింది కూడా.

లేసు కప్పు నేనే తీశాను. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ వేళ్ళు రెండూ పట్టుకుని ఒకటి కింద మూల మీట మీద, ఒకటి పై వరసలో పెట్టాను. "దీనికో బిళ్ళ అంటించనా?" అంటే, "అక్కర్లేదు, గుర్తుంటుంది" అన్నారు.

నొక్కారు. తెర తెల్లబడింది. ఆవిడ కళ్ళు చికిలించారు. మళ్ళీ నొక్కారు, నల్లబడింది. మళ్ళీ తెలుపు. మళ్ళీ నలుపు. దీపావళికి పిల్లలు కాకరపువ్వొత్తి తిప్పినట్టు అలా ఎన్నిసార్లు చేశారో. తర్వాత ఆ ఫోటో తెచ్చుకున్నారు. వెలుగు గుచ్చుకుంటున్నా ఓర్చుకుని రంగులు సరిగ్గా ఉంచి, లేసు అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో ముడినీ తెరంత చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

నేను కుర్చీ వెనక నిలబడ్డాను. నిలబడ్డచోటు నుంచి నాకు కనపడేది తెల్లటి తాళ్ళలాంటి చిక్కు తప్ప, ఏ పువ్వో, ఏ రేకో తెలీడం లేదు. ఆవిడకి తెలుస్తోంది. ఒళ్ళో ఉన్న ఎడమచేతి వేళ్ళు సూది లేకుండానే కదులుతున్నాయి.

ఆ పూట ఆవిడ నన్నేమీ అడగలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఏం కనపడుతోందండీ అత్తయ్యగారూ?"

"ఉండవే" అన్నారు తల తిప్పకుండా. "చూడనీ."